ఉప్పుగాలిలో జీపు: మిన్నీ బేలో ఇంటి షెడ్డు, తుప్పు శాస్త్రం

జీపుకు కొత్త బంపర్ పెట్టాలన్నా, పైన సామాను క్యారియర్ బిగించాలన్నా, అదనంగా రెండు లైట్లు వేయాలన్నా మొదట చేసే పని డ్రిల్లు మిషన్‌తో రంధ్రం వేయడం. హైదరాబాదులో అది వట్టి రంధ్రమే. అండమాన్‌లోని మిన్నీ బేలో అదే రంధ్రం తుప్పుకు తీసిన తలుపు. కంపెనీ వేసిన రంగు, దాని కింద ప్రైమర్, ఇంకా కింద జింక్ పూత, అన్నీ ఆ చోట తెగి పచ్చి ఉక్కు బయటపడుతుంది. కొన్నాళ్లకు బోల్టు కింద ఎర్రటి చార ఒకటి జారుతూ కనిపిస్తుంది. అప్పటికే లోపల జరగాల్సింది చాలావరకు జరిగి ఉంటుంది.

మిన్నీ బే అనేది శ్రీ విజయపురం రేవు ప్రాంతంలో, జంగ్లీఘాట్‌కు దగ్గర్లో ఉన్న చిన్న అఖాతం. 2024 సెప్టెంబరు వరకు ఈ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుది. విశాఖపట్నం నుంచి అక్కడికి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం. విడిభాగం కావాలంటే ఓడలోనో విమానంలోనో రావాలి. అందుకే ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని, పానాలు, గ్రైండర్, వైర్ బ్రష్ దగ్గర పెట్టుకుని, ఉన్న బండినే కాపాడుకుంటూ మెరుగుపరచుకోవడం అక్కడ సరదా కంటే అవసరంగా మారుతుంది.

ఇలాంటి చోట ఏ మార్పు ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్టు, మెరిసే స్టీలు బంపర్ కంటికి కనిపిస్తాయి. బండిని ఎక్కువ కాలం నిలబెట్టేవి, కొన్నిసార్లు లోపలున్న మనుషులను కాపాడేవి మాత్రం కంటికి కనిపించని పనులు.

ఎండినట్టు కనిపించే ఉక్కు నిజంగా ఎండదు

తుప్పు ఒక చిన్న బ్యాటరీ లాంటిది. ఉక్కు ఉపరితలంపై ఒకచోట ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి వెళ్తాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా పక్కకు ప్రయాణిస్తాయి. మరోచోట ఆక్సిజన్, నీరు కలిసి వాటిని అందుకుంటాయి. సర్క్యూట్ పూర్తి కావాలంటే రెండు చోట్లనూ కలుపుతూ పైన విద్యుత్తు ప్రసరించే నీటి పొర ఉండాలి. మంచినీటి పొర అంత బాగా ప్రసరింపజేయదు. ఉప్పునీటి పొర బాగా ప్రసరింపజేస్తుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు లోహంపై రక్షణగా ఏర్పడే పలుచటి ఆక్సైడ్ పొరను కూడా ఛేదిస్తాయి.

వాన ఆగి ఎండ వస్తే ఆ పొర ఆరిపోతుంది కదా అనిపిస్తుంది. వానాకాలంలో డబ్బాలోని రాళ్ల ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో అందరికీ తెలుసు. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని తానే ద్రావణంగా మారిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి సుమారు 33 శాతం తేమ చాలు. అండమాన్‌లో గాలి తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 75 నుంచి 85 శాతం మధ్య తిరుగుతుంటుంది. అంటే జీపు అడుగున ఉప్పు అంటిన ప్రతి అంగుళమూ, చేత్తో తాకితే పొడిగా ఉన్నా, సూక్ష్మస్థాయిలో తడిగానే ఉంటుంది. బ్యాటరీ రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటుంది.

వాతావరణం ఉక్కును ఎంత వేగంగా తింటుందో చెప్పడానికి ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో సీ3 తరగతిలో రక్షణ లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల మందం కోల్పోతుంది. సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వేడి, తేమ, ఉప్పుగాలి మూడూ కలిసే సముద్ర తీరాలు సాధారణంగా పై తరగతుల్లోకి వస్తాయి. తమిళనాడులోని కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ మన దేశంలో ఏ ప్రాంతంలో తుప్పు తీవ్రత ఎంతో చూపే పటాన్ని రూపొందించింది. లోతట్టు ప్రాంతాలకూ తీరానికీ మధ్య తేడా అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

దక్షిణ అండమాన్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో నేల దాదాపు ఒక మీటరు కుంగింది. ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం మాత్రం పైకి లేచింది. సిప్పీఘాట్ లాంటి చోట్ల ఒకప్పటి పొలాల్లోకి సముద్రపు నీరు చేరి చిత్తడి నేలలయ్యాయి. పోటు సమయంలో ఉప్పునీరు దగ్గరికి వచ్చే పల్లపు దారులు, మడ అడవుల అంచు బురద జీపు వెళ్లే చోట్లే. లీటరు సముద్రపు నీటిలో 30 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. మడ్‌గార్డు లోపలి మడతలో ఒక్క లీటరు బురద నీరు నిలిచినా అన్ని గ్రాముల ఉప్పు అక్కడే దాక్కుంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వేసే నల్లటి మడ బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి తుప్పు పట్టదనుకుంటే పొరపాటు. ఆక్సిజన్ లేకుండా బతుకుతూ సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ బురదలో ఉంటుంది. అదీ ఉక్కును తింటుంది.

కాబట్టి ఈ షెడ్డులో మొదటి పరికరం వెల్డింగ్ మిషన్ కాదు, నీళ్ల పైపు. బండి పైభాగం మెరిసేలా కడిగి అడుగు వదిలేయడం సాధారణంగా జరిగేది. చేయాల్సింది తలకిందులు. వీల్ ఆర్చి లోపల, ఛాసిస్ గొట్టాల రంధ్రాల్లోకి, డోర్ల కింది అంచుల్లోకి మంచినీరు నెమ్మదిగా ఎక్కువసేపు పారాలి. అధిక పీడన జెట్ బురదను మూలల్లోకి ఇంకా లోపలికి నెట్టవచ్చు, బేరింగుల సీళ్లలోకి నీటిని ఎక్కించవచ్చు. డోర్ల అడుగున నీరు కారిపోవడానికి కంపెనీ వదిలిన చిన్న రంధ్రాలు మూసుకుపోయి ఉంటే ఒక పుల్లతో తెరవాలి. పైసా ఖర్చు లేని ఈ పని చాలా బండ్లలో ఒక్కసారి కూడా జరగదు. నగరానికి ప్రధాన నీటి వనరైన ధనీఖరీ జలాశయం వేసవిలో అడుగంటుతుంది, నల్లా నీటికి కటకట ఉంటుంది. షెడ్డు రేకుల మీద పడే వాననీటిని డ్రమ్ముల్లో పట్టుకుంటే ఈ పనికి సరిపోతుంది.

చాకలి సోడా, కరక్కాయ

ఇప్పటికే తుప్పు పట్టిన చిన్న భాగాలను, అంటే బ్రాకెట్లు, క్లాంపులు, కబ్జాలను శుభ్రం చేయడానికి ఇంట్లో చేయగలిగిన పద్ధతి విద్యుద్విశ్లేషణ. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, అయిదు లీటర్లకు ఒక పెద్ద చెంచా లెక్కన చాకలి సోడా కలపాలి. తుప్పు పట్టిన భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప రేకును ధన ధ్రువానికి తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా నీటిలో వేలాడదీయాలి. భాగం మీద బుడగలు మొదలవుతాయి. అవి హైడ్రోజన్. ఆ బుడగలు తుప్పు పెచ్చులను వదులు చేస్తాయి. మిగిలిన ఎర్ర తుప్పులో కొంత నల్లటి మాగ్నటైట్‌గా మారి బ్రష్‌తో తేలిగ్గా పోతుంది. పోయిన లోహం మాత్రం తిరిగి రాదు. గ్రైండర్‌తో పోలిస్తే లాభం ఏమిటంటే మంచి లోహం అరిగిపోదు.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలను తేలిగ్గా తీసుకోకూడదు. అయిదు ఆంపియర్ల విద్యుత్తు ఒక గంట ప్రవహిస్తే దాదాపు 2.3 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం దాటితే అది మండగలదు. అందుకే టబ్బు ఆరుబయట ఉండాలి, మూత పెట్టకూడదు, ఛార్జర్ ఆపిన తర్వాతే క్లిప్పులు తీయాలి. చాకలి సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె తగిలిస్తే దానిలోని క్రోమియం క్యాన్సర్ కారకమైన రూపంలో నీటిలో కరుగుతుంది. కమాను పట్టీలు, యూ బోల్టుల వంటి గట్టి ఉక్కు భాగాలను ఈ టబ్బులో వేయనే వేయకూడదు. హైడ్రోజన్ ఆ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. పైకి శుభ్రంగా కనిపించే బోల్టు బరువు పడినప్పుడు పుటుక్కున విరుగుతుంది.

ఛాసిస్‌ను టబ్బులో ముంచలేం కాబట్టి అక్కడ తుప్పు మార్పిడి ద్రావణాలు వాడతారు. వీటిలో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిక్ ఆమ్లం. రెండోదాని రసాయనం తెలుగువాళ్లకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీటితో దాని మీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నీటిలో కరగని నల్లటి పదార్థంగా మారడమే దానికి కారణం. తుప్పు మార్పిడి ద్రావణం ఛాసిస్ మీద చేసే పనీ ఇదే. ఎర్రటి తుప్పు గంటల్లో నీలినల్లగా మారుతుంది. నలగ్గొట్టిన కరక్కాయలను మరిగించిన చిక్కటి కషాయాన్ని పాత తుప్పు ముక్క మీద పూసి ఎవరైనా ఈ మార్పును చూడవచ్చు. బడి పిల్లలకు ఇది మంచి ప్రయోగం. ఛాసిస్ మీద వాడటానికి మాత్రం గాఢత నియంత్రించి తయారు చేసిన ద్రావణమే మేలు. ఏది వాడినా ఆ నల్ల పొర మీద ప్రైమర్, రంగు తప్పవు.

ఎక్కువమంది దాటేసే మెట్టు దీనికి ముందుంది. వదులుగా ఉన్న తుప్పును బ్రష్‌తో తీసి, మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. రంగు కింద ఉప్పు మిగిలితే అది రంగు పొర గుండా తేమను లోపలికి లాగుతుంది. బొబ్బలు లేస్తాయి. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది కాబట్టి బొబ్బ పగిలి రంగు పెచ్చుగా ఊడుతుంది. తుప్పు మీదే నేరుగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించడం ఇంకా అన్యాయం. పైన రబ్బరు పొర నిగనిగలాడుతుంటే కింద ఉక్కు గుట్టుగా మాయమవుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ అడుగున చిమ్మే అలవాటు ఇప్పటికీ ఉంది. తాత్కాలికంగా పనిచేసినా అది రబ్బరు బుష్షులను ఉబ్బించి పాడుచేస్తుంది, వానకు కొట్టుకుపోయి నేరుగా అఖాతంలోకి చేరుతుంది. ఛాసిస్ గొట్టాల లోపలికి మైనపు పూతను పిచికారీ చేయడం దానికంటే ఖరీదు, అన్ని విధాలా మెరుగు.

పడవలకు కట్టే జింక్ దిమ్మను జీపుకు బిగిస్తే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. పడవ అడుగు మొత్తం సముద్రపు నీటిలోనే ఉంటుంది. జింక్ దిమ్మ నుంచి ఉక్కు దాకా నీటి గుండా సర్క్యూట్ తెగకుండా ఉంటుంది కాబట్టి జింక్ తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. జీపు గాలిలో ఉంటుంది. దిమ్మ చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల వరకే తడి పొర ద్వారా రక్షణ అందుతుంది. తుప్పును ఆపుతాయంటూ అమ్మే ఎలక్ట్రానిక్ డబ్బాలకూ ఇదే అడ్డంకి. జింక్ పొడి ఎక్కువగా ఉన్న ప్రైమర్ సంగతి వేరు. అందులో జింక్ ఉక్కును తాకుతూ అంతటా పరుచుకుని ఉంటుంది. కొత్తగా వేసిన రంధ్రపు అంచుకు పూయాల్సింది అదే.

స్టీలు బోల్టు, అల్యూమినియం క్యారియర్

"తుప్పు పట్టదు కదా" అని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతో అల్యూమినియం క్యారియర్ బిగించడం మంచి ఆలోచనలాగే ఉంటుంది. బోల్టుకు నిజంగానే ఏమీ కాదు. దాని చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తాకుతూ ఉంటే బలహీనమైనది వేగంగా కరిగిపోతుంది. సముద్రపు నీటిలో ఈ వరుస జింక్, అల్యూమినియం, మామూలు ఉక్కు, ఇత్తడి, రాగి, స్టెయిన్‌లెస్ అన్నట్టుగా సాగుతుంది. వరుసలో ముందున్నది బలి అవుతుంది.

ఇందులో వైశాల్యాల లెక్క ముఖ్యం. పెద్ద ఉక్కు పలకలో చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు ఉంటే నష్టం పెద్ద ప్రాంతం మీద పరుచుకుంటుంది, కొంత సహించవచ్చు. పెద్ద స్టెయిన్‌లెస్ బంపర్‌ను చిన్న మామూలు బోల్టులతో బిగిస్తే దాడి మొత్తం ఆ బోల్టుల మీదే పడుతుంది. ఉక్కు భాగానికి రంగు వేసి స్టెయిన్‌లెస్‌ను అలాగే వదిలేసినా ఇదే జరుగుతుంది. రంగులో చిన్న గీత పడితే ఆ గీత ఒక్కటే మొత్తం భారం మోసి లోతైన గుంట పడుతుంది. వినడానికి వింతగా ఉన్నా, రంగు వేయాల్సింది స్టెయిన్‌లెస్ భాగానికి కూడా. మధ్యలో నైలాన్ వాషర్, బోల్టు కాడ చుట్టూ ప్లాస్టిక్ స్లీవ్, మరలకు గ్రీజు, తల కింద సీలెంట్ పెడితే రెండు లోహాల మధ్య సర్క్యూట్ తెగుతుంది.

కంపెనీ ముందే ఇచ్చిన రంధ్రాలు వాడుకోవడం అన్నిటికంటే మేలు. లేకపోతే పట్టి ఉంచే క్లాంపు. కొత్త రంధ్రం ఆఖరి మార్గం. ఛాసిస్‌లో తప్పనిసరైతే నిలువు గోడ మధ్యభాగంలోనే వేయాలి. బరువుకు ఛాసిస్ దూలంలా వంగుతుంది. ఆ వంపు ఒత్తిడి పై అంచులో, కింది అంచులో గరిష్ఠం, మధ్యలో దాదాపు సున్నా. అంచున వేసిన రంధ్రం పగులుకు బీజం.

లైట్లు వెలవెలబోవడం వెనుక లెక్క

అదనపు లైట్లు దాదాపు ప్రతి జీపుకూ జరిగే మార్పు. 55 వాట్ల బల్బులు రెండు పెడితే 12 వోల్టుల దగ్గర సుమారు 9.2 ఆంపియర్లు లాగుతాయి. రానూపోనూ ఆరు మీటర్ల పొడవున ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు వాడారనుకుందాం. దాని నిరోధం దాదాపు 0.1 ఓమ్. ఒక వోల్టుకు కాస్త తక్కువ వైరులోనే పోతుంది. ఎనిమిది శాతమే కదా అనిపిస్తుంది. ఫిలమెంట్ బల్బు వెలుగు మాత్రం వోల్టేజితో పాటు నేరుగా తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంతో పడిపోతుంది. ఎనిమిది శాతం వోల్టేజి పోతే నాలుగో వంతు వెలుగు పోతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు, స్విచ్ మీద భారం పడకుండా రిలే వాడితే ఆ నష్టం ఏడు శాతం దగ్గర ఆగుతుంది. డబ్బు పెట్టి ఇంకా ఎక్కువ వాట్ల బల్బు కొనేకంటే ఇదే తెలివైన పని.

ఉప్పుగాలి ఇక్కడా వదలదు. ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద తుప్పు, రాగి కొసన పచ్చటి చిలుము చేరి 0.1 ఓమ్ నిరోధం పెరిగితే, లావు వైరు వేసి మిగుల్చుకున్నది మొత్తం ఆ ఒక్క చోట పోతుంది. అంతేకాదు, ఎనిమిది వాట్లకు పైగా వేడి ఒక చిన్న బిందువు దగ్గర పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. ఎల్ఈడీ లైట్లు తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి వైరు లెక్క తేలికవుతుంది, చిలుము సమస్య మాత్రం అలాగే ఉంటుంది. వైర్ల కొసలను మెలిపెట్టి టేపు చుట్టడం ఈ దీవుల్లో కొన్ని నెలల ముచ్చట. సరైన క్రింపింగ్ పట్టకారుతో లగ్ బిగించి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, ఎర్త్ చోటును పచ్చి లోహం దాకా గీకి బిగించాక పైన గ్రీజు పూయాలి. పడవల్లో వాడే తగరపు పూత రాగి వైరు దొరికితే ఇంకా మంచిది. ఫ్యూజ్ కాపాడేది బల్బును కాదు, వైరును. అందుకే దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజ్‌కు ముందున్న వైరు ఎక్కడైనా రాపిడికి తెగి బాడీకి తగిలితే దాన్ని ఆపేవారుండరు.

నీరు దాటే ముందు

వెనుక యాక్సిల్ గొట్టం మీద బొటనవేలంత కూడా లేని ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి వదలడం దాని పని. చాలాసేపు నడిచిన బండిలో డిఫరెన్షియల్ లోపల 80 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. అది 30 డిగ్రీల నీటిలోకి దిగితే లోపలి గాలి చల్లబడుతుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే లోపలి పీడనం దాదాపు 14 శాతం పడిపోతుంది. దాదాపు 1.4 మీటర్ల ఎత్తు నీటిని పైకి లాగగలిగేంత పీలుపు అది. ఆ పీలుపు సీళ్ల అంచుల గుండా నీటిని లోపలికి లాగుతుంది. బ్రీదర్ తెరిచే ఉంటే నేరుగా దాని గుండానే నీరు వెళ్తుంది. తర్వాత నూనె తీసి చూస్తే మజ్జిగ రంగులో ఉంటుంది. ఉప్పునీరు కలిసిన నూనెలో గేర్లు, బేరింగులు ఎన్నాళ్లో నిలవవు. పరిష్కారం కొన్ని మీటర్ల రబ్బరు గొట్టం, రెండు క్లిప్పులు. బ్రీదర్ నుంచి గొట్టాన్ని ఇంజన్ గదిలో ఎత్తైన చోటికి తీసుకెళ్లి కొసను కిందికి వంచి, చిన్న ఫిల్టర్ పెడితే చాలు. గేర్‌బాక్సుకూ ఇదే. అన్ని మార్పుల్లోకీ ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చేది బహుశా ఇదే, దీన్ని చూసి ఎవరూ మెచ్చుకోరు.

ఇంజన్ సంగతి ఇంకా సున్నితం. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 625 ఘన సెంటీమీటర్లు. సంపీడన నిష్పత్తి 18కి 1 అయితే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 37 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. అంతకు మించి నీరు సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ కదలలేదు, ఎందుకంటే గాలిలా నీరు నలగదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్నార్కెల్ గాలి తీసుకునే చోటును ఎత్తుకు మారుస్తుందే తప్ప జీపును పడవగా మార్చదు. దాని గొట్టంలో ఒక్క అతుకు వదులైనా ప్రయోజనం సున్నా. నీటిలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకుండా బయటికి లాగి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో చూడటం మొదటి పని.

ఇంకా చవకైన ఉపాయం వేళ చూసుకోవడం. పోర్ట్ బ్లెయిర్ దగ్గర అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుకూ పోటుకూ మధ్య తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. పోటుకూ పోటుకూ మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు ప్రచురిస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సముద్ర స్థితి సమాచారం ఇస్తుంది. ఆ పట్టిక షెడ్డు గోడకు అతికించి ఉంటే, ఉప్పునీటిలో దిగాల్సిన దారిని మూడు గంటలు ఆగి తడి ఇసుక మీద దాటవచ్చు.

బ్రేకు గొట్టం

తుప్పు వల్ల ప్రాణం మీదికి వచ్చే చోటు ఇది. ఛాసిస్ వెంబడి నడిచే బ్రేకు గొట్టం సన్నని ఉక్కు. గోడ మందం దాదాపు 0.7 మిల్లీమీటర్లు. పైపూత లేచిపోయిన చోట, ముందు చెప్పిన సీ5 వేగంతో లెక్కిస్తే ఆ గోడ మొత్తం పోవడానికి మూడున్నర నుంచి తొమ్మిదేళ్లు పడుతుంది. నిజానికి తుప్పు గోడంతా సమానంగా తినదు, గుంటలుగా తొలుస్తుంది, కాబట్టి ఇంకా ముందే చిల్లు పడవచ్చు. అదీ క్లిప్పు కింద, బురద నిలిచే చోట, కంటికి కనిపించకుండా. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు లోపలి పీడనం వాతావరణ పీడనానికి వంద రెట్ల దాకా చేరగలదు. మామూలుగా తొక్కినప్పుడు నిలబడిన గొట్టం అడ్డంగా పశువు వచ్చినప్పుడు పగులుతుంది. ఇప్పటి బండ్లలో రెండు వేర్వేరు బ్రేకు సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి సగం బ్రేకైనా మిగులుతుంది. మరీ పాత జీపుల్లో ఉండేది ఒక్కటే సర్క్యూట్.

ప్రతి వానాకాలం తర్వాత క్లిప్పులు విప్పి, గుడ్డతో తుడిచి, గొట్టం పొడవునా వేలితో తడిమి చూడాలి. గరుకుగా, ఉబ్బుగా తగిలితే మార్చాల్సిందే, దాని మీద రంగు వేసి సరిపెట్టకూడదు. ఓడల్లో సముద్రపు నీటి గొట్టాలకు వాడే రాగి, నికెల్ మిశ్రమంతో బ్రేకు గొట్టాలు కూడా వస్తున్నాయి. ఉప్పును అవి చాలా బాగా తట్టుకుంటాయి. గొట్టం కొసను రెండు మడతలుగా గరాటులా విప్పడం అనుభవం కోరే పని. ఇంటి షెడ్డులో పరీక్ష చేయడం, మంచి మెకానిక్ దగ్గర మార్పించుకోవడం సరైన పంపకం.

బ్రేకు ద్రవం కూడా ఉప్పులాగే గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 ద్రవం మరగడానికి కనీసం 205 డిగ్రీలు కావాలి. 3.7 శాతం నీరు చేరాక అది 140 డిగ్రీలకు దిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. దిగుడు రోడ్డు మీద వేడెక్కిన బ్రేకుల్లో ద్రవం మరిగి ఆవిరి పుడితే పెడల్ స్పాంజిలా కిందికి పోతుంది. అండమాన్ తేమలో రెండేళ్లకోసారి ద్రవం మార్చడం దుబారా కాదు. మూత తీసి నెలల తరబడి షెడ్డులో ఉంచిన సీసాలోది వాడకూడదు.

చట్టం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకూ తయారీదారు ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ముందు బిగించే బుల్ బార్లను ఆపాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి శక్తిని పీల్చుకోవాల్సిన ముందుభాగాన్ని అవి గట్టిపరుస్తాయి, పాదచారులను ఎక్కువగా గాయపరుస్తాయి. తుప్పు తీయడం, పూతలు, వైర్లు సరిచేయడం, బ్రీదర్ గొట్టం పెంచడం రిజిస్ట్రేషన్ వివరాలను మార్చే పనులు కావు.

షెడ్డు లోపల

బండి కింద దూరేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మడం ఎక్కడైనా ప్రమాదమే, తుప్పు పట్టిన ఛాసిస్ కింద మరీను. జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. స్టాండు తల తగిలే చోటును ముందు సుత్తితో తట్టి చూడాలి. ఖంగున మోగితే ఉక్కు ఉంది, డబ్‌మని చప్పుడైతే లోపల పెచ్చులే ఉన్నాయి. జింక్ పూత ఉన్న భాగాన్ని వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. అతుకు పడే చోట ముందే జింక్‌ను గీకేయాలి, తలుపులు తెరిచి ఉంచాలి.

పానాలు, డ్రిల్లు బిట్లు కూడా ఉక్కే కాబట్టి ఈ గాలిలో అవీ తుప్పు పడతాయి. వాటికి పాతకాలపు చిట్కా ఒకటి బాగా పనిచేస్తుంది. మూత గట్టిగా పడే బీరువాలో అడుగున చిన్న ఫిలమెంట్ బల్బు ఒకటి వెలిగించి ఉంచడం. బయట 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలిని అయిదు డిగ్రీలు వేడెక్కిస్తే, అందులోని నీరు అంతే ఉన్నా తేమ శాతం దాదాపు 60కి దిగుతుంది. సోడియం క్లోరైడ్ చెమ్మగిల్లే 75 శాతం కంటే అది తక్కువ. మెగ్నీషియం క్లోరైడ్ మాత్రం అప్పటికీ తడిగానే ఉంటుంది కాబట్టి పనిముట్లను లోపల పెట్టే ముందు తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరబెట్టి, పలుచగా నూనె రాయాలి. బల్బు చుట్టూ జాలీ ఉండాలి, నూనె గుడ్డలు ఆ బీరువాలో ఉంచకూడదు. కరెంటు నిలకడగా లేని చోట బల్బు బదులు సిలికా జెల్ సంచులు వాడవచ్చు. నిండిపోయాక వాటి గుళికలను గుడ్డ సంచిలోంచి తీసి, మందపాటి పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తే పీల్చిన నీటిని వదిలి మళ్లీ పనికొస్తాయి.